వాయించడం అంతంతమాత్రమా? ఈ ఆర్కెస్ట్రా మీదే!

ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు నా ఫోన్ స్పీకర్ పోయిందనుకున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నా. అదే బరబర. ఎక్కడో గాలి బుస్సుమంటోంది. ఇంకెక్కడో చెక్క మీద వేళ్లు టకటకలాడుతున్నాయి. మధ్యలో ఒక ట్రంపెట్, జలుబు చేసిన గొంతులా బొంగురుగా మూలుగుతోంది. కాసేపటికి గానీ అర్థం కాలేదు... పోయింది నా ఫోన్ కాదు, వాళ్ల చేతుల్లోని వాయిద్యాలు! పోయాయని తెలిసే, కావాలనే, వాటితోనే కచేరీ చేస్తున్నారు. ఒకరో ఇద్దరో కాదు. 400 మంది.

అది 2017 డిసెంబరు. అమెరికాలోని ఫిలడెల్ఫియా. 23వ వీధిలో సైనికుల కవాతు కోసం ఎప్పుడో కట్టిన పెద్ద హాలు. తీగల్లేని వయొలిన్లు, మీటలు ఊడిన ఫ్లూట్లు, టేపు చుట్టి నిలబెట్టిన క్లారినెట్లు, నొక్కినా కదలని ట్రంపెట్లు. వాటిని పట్టుకున్నవాళ్లలో ప్రపంచమంతా పేరున్న ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కళాకారులున్నారు. సంగీతం చదువుకుంటున్న కుర్రాళ్లున్నారు. వారమంతా ఉద్యోగం చేసుకుని శనాదివారాల్లో సరదాగా వాయించుకునేవాళ్లున్నారు. బడిపిల్లలున్నారు. ఎనభై దాటిన పెద్దాయన పక్కనే పదేళ్ల పిల్ల. అందరి ముందూ ఒకే స్కోరు. దాని పేరు ‘సింఫనీ ఫర్ ఎ బ్రోకెన్ ఆర్కెస్ట్రా’... విరిగిన ఆర్కెస్ట్రా కోసం ఒక సింఫనీ.

ఇదేదో వెరైటీ కోసం చేసిన స్టంటు అనుకుంటే పొరపాటే. దీని వెనక ఒక ఊరి బడుల కథ ఉంది.

జిమ్‌లో గుట్టపడిన పియానోలు

2013లో ఫిలడెల్ఫియా ప్రభుత్వ బడులకు డబ్బు కటకట వచ్చింది. ఆ ఏడాది ఇరవైకి పైగా బడులు మూసేశారు. అలా మూతబడ్డ వాటిలో బాక్ హైస్కూల్ ఒకటి. టెంపుల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీకి డైరెక్టరుగా ఉన్న రాబర్ట్ బ్లాక్సన్ ఒకసారి ఆ ఖాళీ బడి చూడ్డానికి వెళ్లాడు. అక్కడ పనికిరాని పాత పియానోలన్నీ ఒకచోట చేర్చి పడేసి ఉన్నాయి. ఒక్క బడిలోనే ఇన్నుంటే ఊరు మొత్తం మీద ఎన్ని ఉంటాయి? ఆరా తీస్తే తేలిన లెక్క వెయ్యికి పైనే! వయొలిన్లు, సెల్లోలు, డ్రమ్ములు, శాక్సోఫోన్లు... బీరువాల్లో, స్టోర్ రూముల్లో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. బాగుచేయించడానికి బడుల దగ్గర డబ్బుల్లేవు. అంతే.

ఇక్కడ ఒక్క మాట. వయొలిన్ కొనిచ్చే స్తోమత ఉన్న ఇంట్లో పిల్లలకు బడి వయొలిన్‌తో పనేముంది? అది లేని ఇంటి పిల్లలకు మాత్రం బడి బీరువాలో ఉన్నదే దిక్కు. దాని తీగ తెగితే ఆ పిల్ల సంగీతం అక్కడితో ఆగిపోయినట్టే. పేపర్లలో బడ్జెట్ కోత అని వచ్చే వార్త ఇంట్లోకొచ్చేసరికి ఇలా ఉంటుంది.

ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? చందాలు వసూలు చేస్తారు, రిపేరు చేయించి ఫొటో దిగుతారు. బ్లాక్సన్ బృందం మాత్రం బాగుచేయించే ముందు ఒక పని చేద్దామనుకుంది. ఈ వాయిద్యాలు ఎలా ఉన్నాయో అలాగే వాయించేలా ఒక సంగీతం రాయిద్దాం! ఆ పని ఒప్పుకున్నది డేవిడ్ లాంగ్. 2008లో పులిట్జర్ బహుమతి అందుకున్న పెద్ద కంపోజర్. ‘ఈ వయొలిన్‌కు తీగల్లేవు కదా, ఇంకేం వాయిస్తాం’ అనడానికి బదులు, ‘తీగల్లేకపోతే దీంట్లోంచి ఏ చప్పుడొస్తుంది?’ అని అడగడం... ఆ సింఫనీ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే. మంచి వయొలిన్ ఇస్తే ప్రొఫెషనల్‌కూ అయిదో తరగతి పిల్లకూ ఏనుగుకూ ఎలకకూ ఉన్నంత తేడా. అదే విరిగిన వయొలిన్ ఇచ్చారనుకోండి. ఇద్దరూ కొత్తవాళ్లే! ముప్ఫై ఏళ్ల సాధన ఉన్న కళాకారుడు కూడా ఆ చెక్కను అటూ ఇటూ తిప్పి, తట్టి, గీకి ఏం పలుకుతుందో వెతుక్కోవాల్సిందే. పక్కనున్న పిల్లకు ముందే దొరికితే ఆ పిల్లను అడిగి నేర్చుకోవాల్సిందే.

ఆ వాయిద్యాలను జనం దత్తత తీసుకున్నారు. అంటే ఇంటికి పట్టుకుపోలేదు. నచ్చిన దాన్ని ఎంచుకుని దాని రిపేరుకు విరాళం ఇచ్చారు. 2018లో బాగుపడ్డ వాయిద్యాలు తిరిగి బడులకు చేరాయి. అంటే ఆ సింఫనీని సరిగ్గా మొదట వాయించినట్టు ఇక ఎవరూ వాయించలేరన్నమాట. అందులోని వాయిద్యాలిప్పుడు శుభ్రంగా పలుకుతున్నాయి!

ఇంతకీ ఇది క్లాసికలేనా?

క్లాసికల్ అనగానే మనకు త్యాగరాజ కీర్తనలు గుర్తొస్తాయి. ఇక్కడ మాట్లాడుకుంటున్నది పాశ్చాత్య క్లాసికల్. అదంటే మొజార్ట్, బీథోవెన్, తెల్ల విగ్గులు అనుకుంటాం. కానీ ఆ సంప్రదాయంలో ఇప్పుడు బతికున్నవాళ్లు, మొన్నమొన్నటివాళ్లు రాస్తున్నదీ బోలెడుంది. దాన్నే కాంటెంపరరీ క్లాసికల్ అంటారు. మన ఇళయరాజా 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ ‘వేలియంట్’ వినిపించారు కదా, సింఫనీలు రాయడం ఎప్పుడో ఆగిపోయిన పని కాదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఈ కొత్త సంగీతానికి ఒక చెడ్డపేరుంది. అర్థం కాదు, చెవికి ఇంపుగా ఉండదు, మేధావులకే తప్ప మనకెక్కదు అని. అందులో కొంత నిజం లేకపోలేదు. నేనూ కొన్ని మధ్యలోనే ఆపేశాను. తమాషా ఏంటంటే, మేధావులదని పేరుపడ్డ ఆ సంగీతమే వాయించడం అంతంతమాత్రంగా వచ్చిన మామూలు జనాన్ని పిలిచి కూర్చోబెట్టింది. లండన్‌లో, కాలిఫోర్నియాలో యాభై అరవై ఏళ్లుగా ఇది నడుస్తూనే ఉంది.

ఆ దేశాల్లో స్వచ్ఛంద ఆర్కెస్ట్రాలు కొత్తవేం కావు. జీతాలుండవు. చాలాచోట్ల సభ్యులే ఎదురు చందా కట్టుకుంటారు. బ్యాంకు ఉద్యోగి, నర్సు, టీచరు, రిటైరైన ఇంజినీరు... పని అయ్యాక సాయంత్రం ఏ చర్చి హాల్లోనో కలిసి రిహార్సల్ చేస్తారు. మన దగ్గర పరిషత్తు నాటకాలాడే సమాజాలు గుర్తున్నాయా? పగలు ఆఫీసులో గుమాస్తా, రాత్రి దుర్యోధనుడు. సరిగ్గా అలాంటి బాపతే.

కానీ అలాంటి ఆర్కెస్ట్రాల్లో చేరడం అంత తేలిక కాదు. బీథోవెన్ సింఫనీకి ఇన్ని ఫ్లూట్లు, ఇన్ని బసూన్లు అని లెక్కుంటుంది. ఫ్లూట్ వాయించేవాళ్లు పది మంది వస్తే ఎనిమిది మందిని వెనక్కి పంపాలి. బసూన్ వాయించే మనిషి దొరక్కపోతే వెతుక్కోవాలి. పైగా ఆ రాగాలు అందరూ వందసార్లు విన్నవే. ఒక్క స్వరం జారినా హాల్లో ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది.

అలా జారితే ఏమవుతుందో చూద్దామని నిజంగానే ఒకాయన ప్రయత్నించాడు. 1970లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ ఆర్ట్ కాలేజీలో గావిన్ బ్రయర్స్ అనే కంపోజర్ విద్యార్థులతో కలిసి ‘పోర్ట్స్‌మౌత్ సిన్ఫోనియా’ పెట్టాడు. చేరడానికి షరతు వింటే నవ్వొస్తుంది. మీకు వాయించడం రాకూడదు. వచ్చంటే, మీకు చేతకాని వేరే వాయిద్యం పట్టుకోవాలి. కానీ వెక్కిరింతగా వాయించకూడదు, ఒళ్లు దగ్గరపెట్టుకుని బాగా వాయించడానికే ప్రయత్నించాలి. తర్వాత రాక్ సంగీతంలో పెద్ద పేరు తెచ్చుకున్న బ్రయాన్ ఈనో అక్కడ క్లారినెట్ పట్టాడు. 1974లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో కచేరీ కూడా చేశారు. జనం పగలబడి నవ్వారు, ప్రేమగానూ విన్నారు. కానీ ఎందుకు నవ్వారు? అసలు పాట ఎలా ఉండాలో తెలుసు కాబట్టి.

మరి ఆ పాట ఎలా ఉండాలో ఇంకా ఎవరికీ తెలియకపోతే? నిన్ననే పుట్టినదైతే? కొలిచే బద్దే లేదు. నవ్వడానికి లేదు, దడుచుకోవడానికీ లేదు. స్వచ్ఛంద కళాకారులకు కొత్త సంగీతంలో దొరికిన చోటు ఇదే.

చిన్నవాళ్లకే మొదటి ఛాన్స్

ఈ చోటును అందరికంటే ముందు గట్టిగా పట్టుకున్నవాడు కార్నీలియస్ కార్డ్యూ. బ్రిటిష్ కంపోజర్. 1969లో లండన్ మోర్లీ కాలేజీలో ఆయన పాఠం వినడానికి వచ్చినవాళ్ల నుంచి పుట్టిందే ‘స్క్రాచ్ ఆర్కెస్ట్రా’. మైకేల్ పార్సన్స్, హోవర్డ్ స్కెంప్టన్ ఆయనతో కలిశారు. ఆ ఏడాది జూన్‌లో ‘మ్యూజికల్ టైమ్స్’ పత్రికలో ఏకంగా రాజ్యాంగం ముసాయిదా అచ్చేశారు. మీరు నమ్మాలి, అందులో ఒక నిబంధన... కచేరీలో ఏమేం వాయించాలో నిర్ణయించే హక్కు వంతులవారీగా అందరికీ వస్తుంది, ఆ వంతు మొదలయ్యేది వయసులో అందరికంటే చిన్నవాళ్ల నుంచి! మన ఇళ్లల్లో పెళ్లి మెనూ దగ్గర ఇది అమలు చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చిత్రకారులు, గుమాస్తాలు, విద్యార్థులు, చదువుకున్న సంగీతకారులు, సంగీతం అస్సలు తెలియనివాళ్లు అందరూ చేరారు. ఒక్కొక్కరూ ఒక నోట్‌బుక్ పెట్టుకుని తోచిన ఆలోచనలు రాసుకునేవాళ్లు. ప్రసిద్ధమైన సింఫనీని ఎవరికి గుర్తున్నంత వాళ్లు వాయించడం కూడా రాజ్యాంగంలో ఒక అంశం. పల్లెటూళ్ల హాళ్లలో, ఆరుబయట కచేరీలు చేశారు.

ఇదంతా అల్లరిగా కనిపిస్తే, కార్డ్యూ రాసిన ‘ది గ్రేట్ లెర్నింగ్’లో ఏడో భాగం ఎలా నడుస్తుందో వినండి. అది పాడటానికి శిక్షణ అవసరం లేదు. ఎంతమందైనా ఉండొచ్చు. ప్రతి ఒక్కరూ తమకు తోచిన స్వరంతో మొదటి వరస పాడతారు, ఊపిరి ఉన్నంతసేపు ఒక్కో సారి. ఎవరి నిదానం వాళ్లది. ఆ వరస అయ్యాక రెండో వరసకు కొత్త స్వరం కావాలి. దాన్ని సొంతంగా పుట్టించకూడదు! ఆ క్షణంలో చుట్టూ ఎవరో ఒకరు పాడుతున్న స్వరాన్ని విని, దాన్ని తీసుకోవాలి. ఏదీ కొత్తగా వినపడకపోతే మాత్రమే తమకు తోచిన వేరే స్వరం ఎంచుకోవచ్చు.

ఫలితం ఏంటో తెలుసా? మొదట్లో ఎవరి గోల వాళ్లదిగా కలగాపులగంగా ఉన్న శబ్దం, గంట గడిచేసరికి ఒకళ్ల దగ్గర్నుంచి ఒకళ్లకు పాకుతూ నాలుగైదు స్వరాల దగ్గరకు చేరుతుంది. కండక్టర్ చెప్పలేదు. ఎవరూ మీటింగు పెట్టుకోలేదు. పక్కవాళ్లను వినకుండా ముందుకెళ్లే వీల్లేదు, అంతే. ఊళ్లో భజనలో కూర్చున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. శ్రుతిపెట్టె లేకపోయినా పది నిమిషాల్లో అన్ని గొంతులూ ఒక చోటికి వస్తాయి కదా, అచ్చం అలాగే. తేడా ఏంటంటే, కార్డ్యూ ఆ ‘రావడాన్నే’ సంగీతంగా రాశాడు.

కథ ఇక్కడితో సుఖాంతం అని రాయాలనే ఉంది. కాలేదు. ఎవరి మాట చెల్లాలి, చదువుకున్న సంగీతకారులదా, రానివాళ్లదా? మన సంగీతం వల్ల మామూలు జనానికి ఒరిగిందేంటి? రెండేళ్లు తిరక్కుండానే గుసగుసలు మొదలయ్యాయి. 1971లో కార్డ్యూ అసంతృప్తులు ఏవైనా ఉంటే రాసివ్వమని ఒక ఫైలే తెరిచాడు. వాట్సాప్ గ్రూపులో ‘ఎవరికైనా ఇబ్బందులుంటే చెప్పండి’ అని అడ్మిన్ మెసేజ్ పెట్టాక ఏమవుతుందో మీకు తెలుసు. రాజకీయ చర్చలు సంగీతాన్ని మించిపోయాయి, కొద్ది ఏళ్లలోనే ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. కార్డ్యూ కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్లి, తను అంతకుముందు రాసిన సంగీతాన్నే తప్పుపట్టాడు. 1981 డిసెంబరులో, 45 ఏళ్ల వయసులో, లండన్‌లో ఏదో వాహనం గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. ఆ ప్రమాదంలో ఆయన పోయాడు.

అందరూ సమానమే అని రాసుకున్నంత మాత్రాన సమాజం నిలబడదని ఆ ఆర్కెస్ట్రా కథ చెబుతుంది. అయినా ఏడో భాగాన్ని ఇప్పటికీ పాడుతూనే ఉన్నారు.

మీ దగ్గర ఏముంటే అదే

స్క్రాచ్ ఆర్కెస్ట్రా ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ. ఆ ఓపిక తర్వాత ఇంకొకరికి వచ్చింది. 1993లో బ్రిటన్‌లో క్రిస్ షూరెటీ అనే ఆయన ‘కోమా’ అనే సంస్థ పెట్టాడు. పేరు చూసి కంగారుపడకండి! ఇంగ్లిష్‌లో కాంటెంపరరీ మ్యూజిక్-మేకింగ్ ఫర్ అమెచ్యూర్స్ అనే మాటల్లో మొదటి అక్షరాలవి. ఇప్పుడు దాన్నే కాంటెంపరరీ మ్యూజిక్ ఫర్ ఆల్ అంటున్నారు. ‘అమెచ్యూర్లకు’ పోయి ‘అందరికీ’ వచ్చింది.

వాళ్లు చేసింది చాలా సాదా ఆలోచన. పేరున్న కంపోజర్ల దగ్గరికెళ్లి, ‘మా వాళ్ల కోసం రాయండి’ అని అడిగారు. మైకేల్ ఫినిసీ, జోనథన్ హార్వే లాంటివాళ్లు రాశారు. షరతు ఒకటే. ఏ వాయిద్యం అని స్కోరులో బిగించకూడదు. పై స్థాయి వాయిద్యం, మధ్య స్థాయి, కింది స్థాయి అని రాస్తే చాలు. అయిదు ఫ్లూట్లు, ఒక గిటార్, ఒక ట్యూబా వచ్చాయా? సరే, అదే ఇవాళ్టి ఆర్కెస్ట్రా. వచ్చేవారం ఇద్దరు మానేసి శాక్సోఫోన్ ఒకటి కలిసిందా? అదీ సరే. పైగా ఒకే రచనలో కష్టమైన భాగాలూ ఉంటాయి, నాలుగు స్వరాలు తెలిసినవాళ్లు పట్టుకోగలిగినవీ ఉంటాయి. ఎవరికి ఎంత వస్తే అంత. ఇలాంటి స్కోరును ‘ఓపెన్ స్కోర్’ అంటున్నారు.

వినడానికి తేలిగ్గానే ఉన్నా, రాసేవాళ్లకు ఇది చచ్చే చాకిరీ. గొప్పగా వాయించేవాళ్ల కోసం కష్టంగా రాయడం ఏ కంపోజరైనా చేస్తాడు. నాలుగు స్వరాలే వచ్చిన మనిషి కూడా ‘నేను లేకపోతే ఇది పూర్తవదు’ అనుకునేలా రాయడమే గొప్ప. ఊరికే చిన్నపిల్లల పాఠంలా రాసిచ్చేస్తే పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. న్యాయమే కదా!

ఇంకో సౌకర్యం, కంపోజర్ బతికే ఉంటాడు. ‘ఇక్కడ ఇంత మెల్లగా ఎందుకు?’ అని బీథోవెన్‌ను అడగలేం. వీళ్లు రిహార్సల్‌కే వచ్చి కూర్చుంటారు. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చిన క్లారినెట్ ఆవిడ చెయ్యెత్తి ‘ఈ లైను నాకు ఊపిరాడటం లేదు’ అంటే, అక్కడికక్కడే పెన్సిల్‌తో మార్చొచ్చు. తను చెప్పిన మాట వల్ల ఒక సింఫనీలో ఒక చోట మారిందంటే... వాయించేది ఎవరో రాసిన పాట అనిపిస్తుందా ఇక?

కలిసి పాడితే మనుషులు నిజంగా దగ్గరవుతారా, లేక ఇదంతా మన భావుకతేనా? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడు నెలలపాటు పాట క్లాసుల్లో చేరినవాళ్లను, చేతిపనుల క్లాసుల్లో, రచనా క్లాసుల్లో చేరినవాళ్లను గమనించారు. ఏడు నెలల చివరికి అన్ని క్లాసులవాళ్లూ ఒకరికొకరు దగ్గరయ్యారు. కానీ పాడేవాళ్లు ముందే, చాలా త్వరగా దగ్గరయ్యారు. ఒకళ్ల పేరు ఒకళ్లకు సరిగ్గా తెలియకముందే అన్నమాట. కొత్త ఊరికి ఉద్యోగానికి వెళ్లి, ఆదివారం పూట ఫోన్ పట్టుకుని గదిలో ఒంటరిగా కూర్చున్నవాళ్లకు దీని విలువ ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

జూమ్‌లో లాగ్ ఉంటే ఉండనీ

2020 మార్చి. ప్రపంచమంతా తలుపులేసుకుంది. ఆర్కెస్ట్రాలన్నీ మూగబోయాయి. జూమ్‌లో కలిసి వాయిద్దామంటే కుదరదు. మీ చప్పుడు నాకు చేరేసరికి కాస్త ఆలస్యం. ఇద్దరు కలిసి చప్పట్లు కొట్టి చూడండి, తెలిసిపోతుంది. తాళం నిలవదు. మీరూ ఫ్రెండ్ పుట్టినరోజుకు జూమ్‌లో హ్యాపీ బర్త్‌డే పాడే ఉంటారు. అదెంత ఘోరంగా వచ్చిందో గుర్తుచేయనక్కర్లేదు.

అప్పుడు కొందరికి పాలీన్ ఓలివెరోస్ గుర్తొచ్చింది. ఈవిడ అమెరికన్ కంపోజర్, అకార్డియన్ కళాకారిణి, 2016లో చనిపోయారు. ‘వినడం’ అనే ఒక్క విషయం మీద జీవితమంతా పెట్టారు. ఆవిడ రచనల్లో ‘ట్యూనింగ్ మెడిటేషన్’ ఒకటి. గుండెనిండా ఊపిరి తీసుకుని మీకిష్టమైన స్వరం ఒకటి, ఊపిరి అయిపోయేదాకా పాడండి. తర్వాతి ఊపిరికి ఎవరో పాడుతున్న స్వరంతో మీ గొంతు కలపండి. ఆ తర్వాత ఎవరూ పాడని కొత్త స్వరం. మళ్లీ ఎవరితోనో కలపండి. తాళమే లేదు. మరి ఆలస్యమైతే మాత్రం ఏం పోతుంది?

ఓలివెరోస్ జీవిత సహచరి ఐయోనీ, ఫ్లూట్ కళాకారిణి క్లెయిర్ చేజ్, గాయని రాకెల్ అసెవెడో క్లైన్ కలిసి ఆ వసంతంలో కొన్ని శనివారాలు దీన్ని జూమ్‌లో పెట్టారు. దేశదేశాల నుంచి వందల మంది, ఎవరి వంటింట్లోంచి వాళ్లు, ఎవరి పడగ్గదిలోంచి వాళ్లు పాడారు. సంగీతం వచ్చా అని ఎవర్నీ అడగలేదు. నెలల తరబడి ఇంకో మనిషి గొంతుతో గొంతు కలిపి ఎరగనివాళ్లు, పేరు కూడా తెలియని ఎవరి స్వరాన్నో వెతికి పట్టుకున్నారు.

ఒక్క పేజీ, 53 ముక్కలు

ఇంతదాకా చదివాక ‘మరి మేం మొదలెట్టాలంటే?’ అని మీకు అనిపిస్తే, అందుకు తగినది ఒకటుంది. టెరీ రైలీ 1964లో రాసిన ‘ఇన్ సి’. ఆ ఏడాది నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటిసారి వినిపించారు. ఓలివెరోస్ కూడా అందులో వాయించారు. ఈ రైలీ తర్వాత 1970 నుంచి మన పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేసి కిరాణా ఘరానా గానం నేర్చుకున్నాడు. 2017లో న్యూయార్క్‌కు చెందిన ‘బ్రూక్లిన్ రాగా మాసివ్’ బృందం ఇదే ‘ఇన్ సి’ని సితార్, తబలా లాంటి మన వాయిద్యాలతో రికార్డు చేసింది కూడా.

స్కోరు మొత్తం ఒక్క పేజీ. అందులో 53 చిన్నచిన్న స్వర ముక్కలు. కొన్నింటిలో ఒకటో రెండో స్వరాలే! ఏ వాయిద్యమైనా సరే, గొంతైనా సరే. ఒక ముక్కను మీకు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వాయించుకుని, తర్వాతి దానికి వెళ్లొచ్చు. రానిది ఉంటే వదిలేయొచ్చు. ఒకరు మాత్రం పియానో మీద పై స్థాయి ‘సి’ స్వరాన్ని ఆపకుండా టక్ టక్ టక్ అని గడియారంలా కొడుతూ ఉంటారు. ఈ ఐడియా రైలీది కాదు, మొదటి కచేరీలో వాయించిన స్టీవ్ రైక్ చెప్పింది. అందరూ దారి తప్పుతున్నారని చెప్పాడట. ఆయన కూడా తర్వాత పెద్ద కంపోజర్ అయ్యాడు.

కోలాటంలో కాళ్లు అందరివీ ఒకే తాళానికి పడతాయి కానీ జడ మాత్రం అల్లుకుంటూ పోతుంది చూశారా, ఇదీ అంతే. ఒకాయన పదో ముక్కలో ఉంటే ఇంకొకావిడ పన్నెండులో ఉంటుంది. రెండూ కలిసి ఎవరూ రాయని మూడో పాటేదో వినపడుతుంది. ప్రతిసారీ వేరేగా వస్తుంది. గంట పట్టొచ్చు, గంటన్నర పట్టొచ్చు.

ఇంత స్వేచ్ఛ ఇచ్చిన రైలీ రెండు విషయాల్లో మాత్రం గట్టిగా ఉన్నాడు. ఎవరూ మిగతావాళ్ల కంటే రెండు మూడు ముక్కల దూరం మించి ముందుకు పరిగెత్తకూడదు, వెనకబడిపోకూడదు. అప్పుడప్పుడూ వాయించడం ఆపేసి ఊరికే వినాలి. బాగా వచ్చినవాళ్లకే ఇది కష్టం! చేతులు ఊరుకోవు మరి.

నలుగురు ఫ్రెండ్స్ ఉంటే చాలు, మొదలెట్టొచ్చు. హాస్టల్లో ఒకడి దగ్గర గిటార్, ఒకరి దగ్గర చిన్నప్పుడు కొన్న కాసియో, ఇంకొకరి ఫోన్‌లో కీబోర్డ్ యాప్. మొదటిసారి ఏడో ముక్క దగ్గరే ఆగిపోతారు, ఎవరెక్కడున్నారో తెలియక నవ్వులపాలవుతారు. ఫర్లేదు.

ఇక చివరికొచ్చేసరికి ఏం చెయ్యాలో కూడా స్కోరులో రాసి ఉంది. 53వ ముక్కకు ముందుగా చేరినవాళ్లు ఆగకూడదు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కలిసేదాకా అదే ముక్కను వాయిస్తూ ఉండాలి. అందరూ వచ్చాక కొన్నిసార్లు కలిసి పెద్దగా, మళ్లీ మెల్లగా. ఆ తర్వాత ఎవరికి ఎప్పుడు చాలనిపిస్తే వాళ్లు ఆపేయొచ్చు.